క్లబ్బు బల్ల నుంచి ఫోను తెర దాకా: రమ్మీ, చట్టం, మన ధ్యాస

నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో సంక్రాంతికి పేక ముక్కలు బయటికి తీయడం పాత అలవాటు. అరుగుల మీదా, జీడిమామిడి తోటల్లోనూ పదమూడు ముక్కలు పంచుకుని కూర్చునేవారు. ఎంత పిచ్చిగా ఆడినా ఆ ఆటకు కొన్ని హద్దులుండేవి. నలుగురు కూడాలి, వెలుతురుండాలి, జేబులో డబ్బుండాలి. ఇంటి నుంచి ఎవరో వచ్చి కేకేస్తే లేవాలి. ఓడినవాడి మొహం గెలిచినవాడికి ఎదురుగా కనబడేది. అదే రమ్మీ ఫోనులోకి వచ్చేసరికి ఈ హద్దుల్లో ఒక్కటీ మిగల్లేదు. వీటిని చెరిపింది ఆట కాదు, ఆడించేవాడు. మన చట్టం మాత్రం చాలాకాలం పాటు ఆటనే పరీక్షిస్తూ కూర్చుంది.

ఆడించేవాడి మీద కన్నేసి ఉంచాలన్న తెలివి మన పెద్దలకు లేకపోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. జూదం ఆయన చూపించిన చోటే ఆడాలి, ఆయన ఇచ్చిన పాచికలతోనే ఆడాలి. గెలుపు సొమ్ములో నూటికి ఐదు వంతులు సర్కారుకు కట్టాలి. భారతంలో ఇంతకంటే లోతైన సంగతి ఒకటుంది. మొదటి జూదంలో పోయిందంతా తిరిగి చేతికొచ్చి, ధర్మరాజు తమ్ముళ్ళతో ఇంటి దారి పట్టాడు. సగం దారిలో కౌరవుల దూత ప్రాతికామి ఎదురై మళ్ళీ ఆటకు రమ్మన్నాడు. వెళ్ళాడు, అడవుల పాలయ్యాడు. శకుని పాచికల గురించి మనం యుగాలుగా చెప్పుకుంటున్నాం, ఆ కబురు మోసినవాణ్ణి మాత్రం తలుచుకోం. ఆట మానేసి పోతున్నవాణ్ణి దారిలో ఆపి వెనక్కి తేవడంలోనే దుర్యోధనుడి పన్నాగమంతా ఉందని నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ సమస్య పత్రికల రూపంలో వచ్చింది. గళ్ళనుడికట్టు పూరించి, రుసుము కట్టి పంపితే భారీ నగదు బహుమతి అని ఊరించే పోటీలు దేశమంతా ప్రబలాయి. దానిమీద 1955లో పార్లమెంటు చేసిన చట్టం ఇప్పటికీ చదవదగ్గది. నెలకు బహుమతుల మొత్తం 1000 రూపాయలు దాటకూడదంది, ఒక పోటీకి 2000 ఎంట్రీలు మించకూడదంది. ఎంతమందిని, ఎంత ఆశపెట్టి లాగుతున్నారన్నదే ప్రమాదానికి కొలత అని ఆనాటివాళ్ళు గ్రహించారు. అయితే 1957లో చమర్‌బాగ్‌వాలా కేసుల్లో సుప్రీంకోర్టు నైపుణ్యం ప్రధానమైన పోటీలను జూదం నుంచి వేరుచేసింది. అక్కణ్ణుంచి వాదమంతా ఒకే గాడిలో పడింది: గెలిపించేది తెలివా, అదృష్టమా?

ఆ గాడిలో పడ్డ కేసుల్లో అతి ముఖ్యమైనది మన ఉమ్మడి రాష్ట్రానిదే. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1967 నవంబరులో ఓడింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలని జస్టిస్ హిదయతుల్లా రాశారు. పేకాట తెలిసినవారెవరూ కాదనలేని మాట. కానీ అదే తీర్పులో దాని వెనకే మరో మాటుంది. ఇంటివాడో క్లబ్బువాడో పందెపు ఆట మీద లాభం తీస్తున్నట్టు సాక్ష్యముంటే నేరం నిలబడవచ్చని. మొదటి మాట యాభై ఏళ్ళ పాటు దేశంలోని ప్రతి కోర్టులోనూ మార్మోగింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు దాన్ని కవచంలా తొడుక్కున్నాయి. రెండో మాట తగిలేది మాత్రం వాటికే. ప్రతి బల్ల మీదా కమీషన్ తీసుకోవడమే అప్పట్లో వాటి వ్యాపారం.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, ఏజెన్సీ దారిలో బస్సు కోసం నిలబడ్డ కుర్రాడి చేతిలోకీ ఆట వచ్చింది. అప్పటికే మనిషి అలవాట్లను తెరతో మలచడం ఒక శాస్త్రమైపోయింది. స్టాన్‌ఫర్డ్‌లో బి.జె. ఫాగ్ ఈ విద్య మీద 2003లోనే పుస్తకం రాశారు, అందులో నైతిక ప్రశ్నలకూ చోటిచ్చారు. విద్య వ్యాపించినంతగా ఆ ప్రశ్నలు వ్యాపించలేదు. లాస్ వేగస్ జూదపు యంత్రాలను ఏళ్ళ తరబడి పరిశీలించిన నటాషా డౌ షూల్ 2012లో రాసింది చదివితే మన రమ్మీ యాప్ అర్థమవుతుంది. అక్కడ కూర్చున్న చాలామంది గెలవడానికి కూర్చోరు, కొనసాగడానికే కూర్చుంటారు. యంత్రాన్నీ కుర్చీనీ వెలుతురునూ అందుకు తగ్గట్టే అమరుస్తారు. యాప్‌లో చేరగానే బోనసు, ఓడిన క్షణాల్లో మరో బల్ల, డబ్బు వేయడానికి ఒక్క మీట, రెండ్రోజులు తెరవకపోతే పిలుపు ఉండేవి. ప్రాతికామికి జీతం కూడా అక్కర్లేకపోయింది. పక్కన కూర్చుని చాల్లే లేవరా అనే మనిషి ఎక్కడా లేకపోయాడు. భార్య పుస్తెలు తాకట్టుకు వెళ్ళాక గాని ఇంట్లోవాళ్ళకు తెలిసేది కాదు.

తెలంగాణ 2017లో తన జూదపు చట్టంలోని నైపుణ్యం మినహాయింపును తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 132 సైట్లను, యాప్‌లను ఆపించమని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. చట్టం సరిహద్దు దగ్గర ఆగుతుంది, సిగ్నల్ ఆగదు కదా. తమిళనాడు 2025లో పెట్టిన నిబంధన మాత్రం నన్ను ఆకట్టుకుంది: అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదింటి దాకా డబ్బు పెట్టే ఆటలు బంద్. కంపెనీలు సవాలు చేస్తే మద్రాసు హైకోర్టు నిబంధనను నిలబెట్టింది. తెలివా అదృష్టమా అన్న చర్చ జోలికే పోకుండా, మనిషి నిద్రకు చట్టం కాపలా కాసింది. అదే ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యంతో నిమిత్తం లేకుండా, ఒక్క వేటుతో ఆపింది.

ఆ చట్టం అవసరమనే నేను నమ్ముతున్నాను. అయితే అది పట్టుకున్నది పందెం డబ్బును. కూర్చోబెట్టే విద్య చెక్కుచెదరలేదు, ఉచిత ఆటల్లోనూ పొట్టి వీడియోల్లోనూ దర్జాగా నడుస్తోంది. అక్కడ పందెం కాసేది డబ్బు కాదు, గంటలు. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల నడవడిని వెంటాడి గమనించడాన్నీ, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయడాన్నీ నిషేధించింది. పెద్దలకు ఆ రక్షణ లేదు. తమిళనాడు రమ్మీకి గీసిన అర్ధరాత్రి గీతను ఈ తెరలకు గీసే చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు.