లోగో

లోగో: పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికే రూపొందించిన తొలి కంప్యూటర్ భాషల్లో ఒకటి. 1967లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్ నగరంలో, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ (బి.బి.ఎన్.) పరిశోధన సంస్థలో తయారైంది. ప్రచారంలో ఉన్న రచనలు ఎక్కువగా దీన్ని సేమర్ పాపర్ట్ (1928–2016) ఒక్కరి సృష్టిగానే చెబుతాయి. వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్, డేనియల్ బాబ్రోల పాత్ర చూస్తే ఉమ్మడి కృషి అనడమే సబబు. అయితే దీని వెనక ఉన్న విద్యా దృక్పథం చాలావరకు పాపర్ట్‌దే. జెనీవాలో ఆయన 1958 నుంచి 1963 వరకు బాలల మనస్తత్వవేత్త జీన్ పియాజే దగ్గర పనిచేశారు. పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారన్న భావన అక్కడ బలపడింది.

ఆదేశాల ప్రకారం కదులుతూ గీతలు గీసే తాబేలు లోగోకు పుట్టుకతో వచ్చింది కాదు. లిస్ప్ భాష నుంచి వచ్చిన తొలి లోగో మాటలతో, జాబితాలతో పనిచేసేది. 1968–69లో లెక్సింగ్టన్‌లోని మజీ జూనియర్ హైస్కూల్ ఏడో తరగతి పిల్లలు దానితో వాక్యాలు అల్లే ప్రోగ్రాములు రాశారు. నేలమీద కదిలే తాబేలు రోబో ఆ తరవాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో వచ్చింది. అది 1969లో అని కొందరు, 1970లో అని కొందరు రాశారు. 1967 అనడం మాత్రం పొరపాటు. 1940ల చివర ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో నాడీశాస్త్రవేత్త గ్రే వాల్టర్ తయారుచేసిన యాంత్రిక తాబేళ్లే ఈ రోబోకు పూర్వరూపాలు. తొలి లోగో తాబేలు తీగతో కంప్యూటర్‌కు కట్టి ఉండి, పొట్ట కింది కలంతో కాగితంమీద గీతలు గీసేది. బి.బి.ఎన్.లో 1972లో తయారైన ‘ఇర్వింగ్’ అనే తాబేలుకు తీగ అక్కర్లేదు, దేన్నైనా తాకితే గుర్తించేది, గంట మోగించేది.

నేలమీదైనా తెరమీదైనా, తాబేలు విలువంతా తప్పుల దగ్గర బయటపడుతుంది. చతురస్రానికి ‘ఫార్వర్డ్ 100, రైట్ 90’ (100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి) నాలుగుసార్లు చాలు. సమబాహు త్రిభుజం అడిగితే, కోణం 60 డిగ్రీలని బడిలో నేర్చుకున్న పిల్ల ‘రైట్ 60’ అనే రాస్తుంది. బొమ్మ మూసుకోదు, సగం షడ్భుజి మిగులుతుంది. అప్పుడు తానే లేచి తాబేలులా నడిచి చూస్తే, మూల దగ్గర తాను తిరగాల్సింది లోపలి కోణం కాదని, బయటి కోణమైన 120 డిగ్రీలని ఒంటికే తెలుస్తుంది. చుట్టూ తిరిగి మొదటి దిక్కుకు వచ్చేసరికి మొత్తం మలుపు 360 డిగ్రీలు కావాలన్న సూత్రం ఆ నడకలోంచే వస్తుంది. తప్పును వెతికి సరిదిద్దుకునే ఈ పనిని, అంటే డీబగ్గింగ్‌ను, పాపర్ట్ చదువుకు కేంద్రంగా నిలిపారు. ఆయన 1980 నాటి ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథ సారంలో పెద్ద భాగం ఇదే.

బడికి రాని వయసు పిల్లల కోసం రేడియా పెర్ల్‌మన్ 1970ల మధ్యలో ఎం.ఐ.టి.లో తాబేలును నడిపే ‘టార్టిస్’ పరికరాన్ని రూపొందించారు. మొదట మీటలు, తరవాత అరల్లో దూర్చే కార్డులు ఉండటంతో టైపింగ్ అవసరం లేకపోయింది. నేటి దిమ్మెల (బ్లాక్) ప్రోగ్రామింగ్‌కు దీన్ని ఆద్యంగా లెక్కించేవారున్నారు.

లోగో నేర్పడం వల్ల కలిగే ఫలితాలపై వివాదం తీరలేదు. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాలలో పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1980ల తొలినాళ్లలో పరిశీలన జరిపారు. తరగతి గది పనులను తక్కువ నడకతో ముగించే పథకం వేయమన్నప్పుడు, లోగో నేర్చిన పిల్లలు మిగతావారికంటే మెరుగ్గా చేయలేదు. సాధనాన్ని ఒక్కదాన్నే విడదీసి పరీక్షించడం తగదని పాపర్ట్ బదులిచ్చారు. డగ్లస్ క్లెమెంట్స్, డొమినిక్ గుల్లోల అధ్యయనం (1984) అనుకూల ఫలితాలు చూపింది కానీ అందులో ఉన్నది 18 మంది పిల్లలే. జ్యామితి పాఠానికి లోగోను నేరుగా ముడిపెట్టి, ఉపాధ్యాయుడు పక్కన ఉండి ప్రశ్నిస్తూ నడిపినచోట కోణాల అవగాహన పెరిగిందన్న తరవాతి అధ్యయనాలే నమ్మదగినవిగా తోస్తాయి.

భారతదేశంలో ప్రైవేటు పాఠశాలల ప్రాథమిక తరగతుల కంప్యూటర్ పుస్తకాల్లోకి లోగో ‘ఎం.ఎస్.డబ్ల్యు. లోగో’ రూపంలో వచ్చింది. తెలుగునాట చాలామంది చూసింది ఇదే. ఆదేశాల పట్టిక బట్టీపట్టించి పరీక్ష పెట్టినచోట, తాబేలు తెరమీదున్నా పైన చెప్పిన నడకకు తావు దొరకలేదు. 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్కూల్ దశ నుంచి కోడింగ్ కృత్యాలు ఉండాలంటున్నందున బట్టీపట్టడానికీ నడిచి తెలుసుకోవడానికీ ఉన్న ఈ భేదం ఇప్పటికీ ముఖ్యమే.

లోగో వారసుల్లో, పాపర్ట్ గ్రంథం పేరు పెట్టుకున్న లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్లు 1998లో వచ్చి 2022 చివర ఆగిపోయాయి. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన దిమ్మెల ప్రోగ్రామింగ్ భాష స్క్రాచ్ ఉచితంగా దొరుకుతోంది. పైథాన్‌ భాషతోపాటు వచ్చే టర్టిల్ మాడ్యూల్‌లో ఫార్వర్డ్, రైట్ ఆదేశాలు అవే పేర్లతో ఉన్నాయి.