దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా

ఎముక మజ్జలో తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ దీనికి మూలం. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చాక, చాలామందికి ఇది బీపీ, షుగర్‌లా రోజూ మందుతో నెట్టుకొచ్చే జబ్బయింది. హైదరాబాద్‌లోని మందుల కంపెనీ నాట్కో ఇమాటినిబ్‌కు జనరిక్ తయారుచేసింది. 2013లో సుప్రీంకోర్టు అసలు మందు తయారీదారు నోవార్టిస్‌కు దీనిపై పేటెంటు నిరాకరించడం పేద రోగులకు ఎంతో మేలు చేసిన తీర్పు.

ఇమాటినిబ్ సాధారణ మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో మింగాలి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. కళ్ల చుట్టూ ఉబ్బు, పిక్కలు పట్టేయడం తరచూ కనిపిస్తాయి. ఒంట్లో బాగుందని సొంతంగా మాత్ర మానేయడమే అసలు ప్రమాదం. మొదట్లో మూడు నెలలకోసారి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ స్థాయి చూస్తారు. బిడ్డను కనాలనుకునే స్త్రీలు ముందే వైద్యులతో మాట్లాడాలి.