వాసన లేదన్న నింద: మోదుగ పూత మీద ఒక పరిశీలన

మాఘం వెళ్ళేసరికి తెలంగాణ గుట్టల మీదా, గోదావరి పక్కనున్న ఏజెన్సీ అడవుల అంచుల్లోనూ మోదుగ చెట్లు ఆకు రాల్చి నిలబడతాయి. ఫాల్గుణంలో అదే మోడు కొమ్మ కణుపు కణుపునా ఎర్రగా విరగబూస్తుంది. మన సాహిత్యం ఈ పూతను ఎంత మెచ్చుకుందో అంత నిందించింది కూడా. రూపం, యౌవనం, గొప్ప వంశం అన్నీ ఉండి చదువు లేనివాణ్ణి హితోపదేశం పోల్చింది వాసన లేని ఈ పువ్వుతోనే. నీతిశ్లోకాలు వల్లెవేసిన తరాలన్నీ ఆ తీర్పును అలాగే స్వీకరించాయి. ఆ తీర్పు తప్పు. వాసన లేకపోవడం మోదుగ పువ్వుకు లోపం కాదు. ఆ పువ్వు ఏ అతిథి కోసం పూస్తుందో ఆ అతిథిని పిలవడానికి వాసన అక్కర్లేదు. పువ్వు కట్టుబడిని దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

మోదుగ (బ్యూటియా మోనోస్పెర్మా) చిక్కుడు కుటుంబపు చెట్టు. పువ్వు నిర్మాణం చిక్కుడు పువ్వుదే అయినా పరిమాణం చాలా పెద్దది, పొడవు సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. అడుగున నలుపు తిరిగిన ముదురు ఆకుపచ్చ రక్షకపత్రాల గిన్నె, దాని మీద మఖమల్ లాంటి నూగు. అందులోంచి ఐదు ఆకర్షణపత్రాలు వస్తాయి. వెడల్పాటి ధ్వజం వెనక్కి విరుచుకుంటుంది, పక్కన రెండు బాహువులు ఉంటాయి, మిగిలిన రెండూ కలిసి కొడవలిలా వంగిన ద్రోణి అవుతాయి. చిలుకముక్కు పువ్వన్న మాట ఈ ద్రోణిని చూసి పుట్టిందే. పది కేసరాలూ, కీలమూ దీనిలోనే దాగి ఉంటాయి. మకరందం గిన్నె అడుగున ఊరుతుంది. దాన్ని అందుకోవాలంటే పొడవైన ముక్కు కావాలి, వాలిన పక్షి బరువును ఓర్చుకునేందుకు రేకులు దళసరిగా ఉండాలి. మోదుగ రేకు వేళ్ళతో నలిపి చూసినవారికి అది ఎంత మందమో తెలుసు.

ఇవన్నీ పక్షుల కోసం ఏర్పడిన పువ్వు లక్షణాలు. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు, పక్షికి మాత్రం ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పూల దగ్గరికి వచ్చే పక్షులు చూపును నమ్ముకుంటాయి గానీ వాసనను కాదు. రాత్రి విచ్చే తెల్లటి పూలకు చిమ్మటల్ని పిలవడానికి సువాసన కావాలి. పగలు పూసే ఈ ఎర్ర పువ్వుకు దానితో పనేముంది? ఆకులు ముందే రాలిపోవడం కూడా పువ్వుకు కలిసివచ్చే విషయమే. పూతకూ చూపుకూ మధ్య అడ్డేమీ ఉండదు. వాగులు ఎండిపోయే ఆ నెలల్లో గోరువంకలు, పికిలిపిట్టలు, చిలుకలు మోదుగ చెట్టు చుట్టూ ముసురుకోవడం ఊళ్ళలో అందరూ చూసే దృశ్యమే.

అయితే వచ్చిన ప్రతి పక్షీ పువ్వుకు మేలు చెయ్యదు. రాజేశ్ టాండన్, కె.ఆర్. శివన్న, హెచ్.వై. మోహన్ రామ్ 2003లో ‘ఆనల్స్ ఆఫ్ బోటనీ’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో విలువైనది. ఎన్నో రకాల పక్షులు పువ్వు మీద వాలుతున్నా, పుప్పొడిని సరైన చోటికి చేర్చేవాటిలో ముఖ్యమైనది ఊదారంగు తేనెపిట్ట అని వారు గుర్తించారు. దానితోపాటు చారల ఉడుత కూడా ఆ పని చేస్తుందని తేల్చారు. పువ్వులు కొరికి పాడుచేస్తుందని మనం అదిలించే ఉడుత ఇక్కడ చెట్టుకు చుట్టమైంది. చెట్టు విరగబూసినా కాయలు తక్కువగానే కాస్తాయి. ఆ కాయలో కూడా కొసన ఒకే గింజ ఉంటుంది, మిగతాదంతా గాలికి ఎగరడానికి పనికొచ్చే పలచటి రెక్క.

కవులంతా నీతిశాస్త్రకారుల దారిలో నడవలేదు. శాతవాహన హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో ఒక ప్రాకృత గాథ నేల రాలిన మోదుగ పూలను బుద్ధుడి పాదాలకు మొక్కుతూ సాగిలపడిన భిక్షువులతో పోల్చింది. పువ్వు వంపును చిలుకముక్కుగా గుర్తించింది కూడా. ఆ గాథాకారుడు చెట్టు కిందికి వెళ్ళి చూసినవాడని నా నమ్మకం. నీతికారుడు చెట్టు పేరును ఉదాహరణగా వాడుకున్నాడు, అంతే.

రంగు సంగతి వేరే చెప్పాలి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మన తీరప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. 1795లో వెలువడడం మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మోదుగను చిత్రంతో సహా వర్ణించాడు. పటిక పట్టించిన నూలు గుడ్డకు ఈ పూల కషాయం పసుపు రంగు ఎక్కిస్తుందని కూడా రాశాడు. కాముని పున్నమికి పూలను ఉడకబెట్టి రంగునీళ్ళు చేసుకునే తెలంగాణ పల్లెలకు ఇది కొత్త విద్య కాదు. విస్తరాకులు, సమిధలు, లక్క పురుగుల పెంపకం లాంటి ఉపయోగాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఇక్కడ విస్తరించడం లేదు.

ఎర్ర పూల మధ్య ఎక్కడో ఒకచోట పచ్చటి పసుపు పూలు పూసే మోదుగ కూడా ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని ‘లూటియా’ అనే రకంగా గుర్తించారు. ఎరుపే పక్షిని పిలిచే జెండా అయితే, ఆ జెండా లేని చెట్టుకు తేనెపిట్టలు అంతే వస్తాయా? పక్కనున్న ఎర్ర చెట్టుతో సమానంగా కాయలు పట్టుతాయా? ఒకే గుట్ట మీద రెండు రకాలూ దొరికిన చోట, పూత మొదలైన రోజు నుంచి కాయ ముదిరే దాకా వచ్చిపోయే పక్షులనూ ఉడుతలనూ, గుత్తికి నిలిచిన కాయలనూ లెక్క రాసుకుంటే చాలు. ఇందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఆదిలాబాద్‌లోనో భద్రాచలం చుట్టుపక్కలనో ఉన్న డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులు వచ్చే ఫాల్గుణంలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. పసుపు చెట్టు దొరికినప్పుడు అరుదైనదని దాని వేళ్ళు తవ్వి, బెరడు ఒలిచి ఎవరూ పట్టుకుపోకుండా ఊరివాళ్ళతో ముందే మాట్లాడుకోవడం ఆ పరిశోధనలో మొదటి మెట్టు కావాలి.