తుంగభద్ర నల్లరేగడిలో నత్రజని: ఆంధ్ర క్యాంపుల సేద్యచరిత్రలో ఒక అధ్యాయము

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట, నేడు కర్ణాటకములోనున్న గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలకు గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములనుండి తెలుగు రైతుకుటుంబములు తరలివచ్చినవి. డెల్టాలో ఒక ఎకరము నమ్మిన సొమ్ముతో ఇక్కడ పెక్కు ఎకరములు కొనిరి. ముండ్లపొదలు నరికి, నేల చదునుచేసి, గట్లు వేసిరి. వారు గుడిసెలు వేసికొనిన చోటులకు క్యాంపులను పేరు నిలిచినది. ఈ కష్టచరిత్ర పలువురు చెప్పినదే. వారు ఆ నేలకు పెట్టిన ఎరువుల చరిత్ర మాత్రము అంతగా చెప్పబడలేదు.

ఎడమకాలువ ముఖ్యముగా ఆరుతడి పైరులకు ఉద్దేశింపబడినది. వచ్చినవారికి తెలిసినది వరి. జనుము, జీలుగు, పిల్లిపెసర దున్ని త్రొక్కించుట, వేపపిండి చల్లుట వారికి పుట్టింటి విద్యలు. అమ్మోనియం సల్ఫేటు 1951లో సింద్రీ కర్మాగారమునుండి వెలువడసాగెను. 1966 తరువాత ఐ.ఆర్. 8 వంటి పొట్టివంగడములతో యూరియా ప్రబలినది. మొదటిదానిలో నూటికి 21 పాళ్లలోపు నత్రజని, రెండవదానిలో 46 పాళ్లు. పిడికిలి అదే, బలము రెట్టింపునకు మించినది.

నల్లరేగడి క్షారగుణము గలది. నిలువనీటిమీద చల్లిన యూరియా కొన్ని దినములలోనే అమ్మోనియాగా మారును. పగటియెండలో నీటిలోని పాచి క్షారమును మరింత పెంచగా ఆ వాయువు గాలిలో కలిసిపోవును. మిగిలినది పైపొరలో నైట్రేటై, అడుగున గాలియాడని బురదలోనికి దిగి, తిరిగి వాయువై పోవును. జపాను శాస్త్రజ్ఞుడు షియోయిరి 1940 ప్రాంతమున ఈ రెండవ నష్టమును విశదపరచి, ఎరువును బురదలోతున కలుపవలెనని చూపెను. నష్టమునకు బదులు మరియొక బస్తా చల్లుట సులభోపాయము. కాని అగ్గితెగులు, చేను పడిపోవుట దానివెంట వచ్చునవే. మడినీరు తీసి, పలుచని బురదమీద చల్లి, కలియద్రొక్కి, ఒకటి రెండు దినములకు నీరు పెట్టుటయే సరియైన పద్ధతి. మోతాదును దమ్ములోను, పిలకదశలోను, అంకురదశలోను పంచవలెను. వాన వచ్చు సూచనయున్ననాడు గాని, ఆకులు తడిగానున్నప్పుడు గాని చల్లరాదు.

ఇంటివద్ద జాగ్రత్త వేరు. యూరియా కలిపిన బకెట్టునీరు త్రాగిన పశువు కడుపులో అమ్మోనియా వేగముగా పుట్టి, గంటలలో ప్రాణము పోవచ్చును. బస్తాలు దాణాకు దూరముగా, నేలకు ఎత్తుగా ఉంచవలెను. మితిమీరి వేసిన నత్రజని నైట్రేటై బావినీటిలో చేరవచ్చును. లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించిన నైట్రేటు త్రాగునీటికి తగదని భారతప్రమాణము. పసిబిడ్డలకు అట్టి నీటివలన రక్తములో ప్రాణవాయువు తగ్గి దేహము నీలివర్ణమగును.

కాలువ ఎగువభాగమున ఊటపెరిగి చౌడుపడిన భూములు గంగావతి పరిశోధనకేంద్రమునకు పెద్దపనియైనవి. అట్టి చోట అమ్మోనియా నష్టము మరింత అధికము. చౌడునేలకు యూరియాకన్న ముందు మురుగుకాలువ, పిదప జిప్సము కావలెను.

2015లో దేశమున తయారగు యూరియాకంతకును వేపనూనె పూత విధిగా చేయబడినది. వేపపిండి విద్య ఈ విధముగా కర్మాగారమునకు చేరినది. 2018నుండి బస్తా 50కి బదులు 45 కిలోలైనది. అందులో 20 కిలోలకు కొంచెము మించిన నత్రజని యుండును. ఎకరమునకిన్ని బస్తాలని లెక్కించుటకన్న, ఎన్ని కిలోల నత్రజని పడినదో లెక్కవ్రాసికొనుట మేలు.