భరణం: మాజీ భార్య సహజీవనం చేస్తే డబ్బులు ఆపేయొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

విడాకులయ్యాక భర్త నెలనెలా భరణం కడుతున్నాడు. మాజీ భార్య మరొకరితో కలిసి ఉంటున్నట్లు తెలిసింది. వచ్చే నెల నుంచి కట్టడం మానేయొచ్చా? కుదరదు. కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని కోర్టే మార్చాలి. అప్పటిదాకా బకాయి పెరుగుతూనే ఉంటుంది.

హిందూ వివాహ చట్టం-1955లో సెక్షన్ 25(3) ఇక్కడ కీలకం. భరణం అందుకునేవారు మళ్లీ పెళ్లి చేసుకున్నా, భార్య శీలం నిలుపుకోకపోయినా కోర్టు ఆ ఆదేశాన్ని మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. చట్టంలో ఇప్పటికీ ఉన్నది ఆ పాతకాలపు మాటే, సహజీవనం అన్న పదం లేదు. భరణం తీసుకునేది భర్త అయితే, వివాహేతర లైంగిక సంబంధం రుజువైనా ఇదే వర్తిస్తుంది. అయితే రద్దు చేసి తీరాలని లేదు. అది జడ్జి విచక్షణ.

సీఆర్‌పీసీ 125 కింద వేసే మనోవర్తి కేసుల దారి వేరు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 వచ్చింది. భార్య ‘వ్యభిచారంలో జీవిస్తుంటే’ మనోవర్తి రాదని ఇందులో ఉంది. ఎప్పుడో ఒకసారి జరిగిన తప్పు సరిపోదు, కొనసాగుతున్న సంబంధం ఉండాలని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. రుజువు చేయాల్సింది భర్తే. నాలుగు ఫొటోలు, వాట్సాప్ చాట్ చూపించి అనుమానం చెబితే కేసు నిలబడటం కష్టం. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరం కాదన్నా, మనోవర్తి కేసుల్లో ఈ వాదన ఇంకా నడుస్తోంది.

కోర్టుకెళ్లకుండా కట్టడం ఆపేస్తే వారెంట్ రావొచ్చు. సెక్షన్ 144 కింద ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడే అవకాశముంది. పిల్లల ఖర్చులకు ఇచ్చే మొత్తం మాత్రం తల్లి ఎవరితో ఉన్నా ఆగదు.