గూటిలో రేడియో నుంచి స్టాండు మీది స్పీకర్ల దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా పాతకాలపు చరిత్ర రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు తాలూకాఫీసు ముచ్చట్లు రాద్దామనుకొన్నాను. అవి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. మన ఇండ్లలో పాట, మాట ఏ కాలంలో ఎట్లా వినపడ్డాయో రాసినవారు మాత్రం నాకు కనపడలేదు. పెన్షనరు ఇంట్లో రోజూ జరిగే తగవు సౌండు గురించే కదా! "గంత పెద్దగ పెడితే పక్కింటోళ్ళు ఏమనుకుంటరు?" అని వంటింట్లోనుంచి ఒక కేక. "మాట సమజ్ కాకపోతే ఏంజెయ్యాలె?" అని ముందు గదిలోనుంచి ఒక కేక. మా ఇంట్లో ఈ తగవు నాలుగైదేండ్లు నడిచింది. తప్పు నా చెవులదేనని చివరకు నేనే ఒప్పుకొన్నాను. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

హైదరాబాదులో నిజాం ప్రభుత్వ రేడియో 1935 ఫిబ్రవరి 3న మొదలైంది. దక్కన్ రేడియో అనేవారు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. మన నకిరేకల్ ఈ రెండు పట్నాల నడిమి రోడ్డు మీది ఊరు. ముల్లు కాస్త ఇటు తిప్పితే హైదరాబాదు, కాస్త అటు తిప్పితే విజయవాడ పలికేవి.

నేను నౌకరీలో చేరిన కొత్తలో, 1974లో, ఒక పాత వాల్వుల రేడియో కొన్నాను. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, దాని పుస్తకాన్ని సర్వీసు రిజిస్టరంత భద్రంగా దాచేవాళ్ళం. 1980ల నడుమ ఆ లైసెన్సు రద్దయింది. రేడియోను మట్టిగోడలోని గూటికి ముందు చెక్క పీట మీద పెట్టేవాళ్ళం. అది కొంచెం వేడెక్కి, ఒకసారి గురగురమని, ఆ తర్వాత పలికేది. ఉషశ్రీగారి భారత ప్రవచనం విజయవాడ నుంచి వచ్చే వేళకు మా అమ్మ పని ఆపి గడపలో కూర్చునేది. అరుగు మీద కూర్చున్నవారికి కూడా ఒక్క అక్షరం పోకుండా వినపడేది. ఉన్నది ఒకటే స్పీకరు. సౌండు సగానికి మించి పెట్టిన గుర్తు లేదు.

ఆ స్పీకరు కథ కూడా ఒక ముక్కలో చెప్పాలి. రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1925లో ప్రకటించిన పద్ధతి అది. అయస్కాంతం నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు గరాటు. కరెంటు మారినకొద్దీ చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, గరాటు గాలిని తోస్తుంది. నూరేండ్లయినా ఇప్పటికీ చాలావరకు అదే పద్ధతి. అంటే మా గూటి రేడియోకూ నేటి స్పీకరుకూ మూలంలో పెద్ద తేడా లేదు. మరి ఆనాటి మాట అంత తేటగా ఎందుకుంది?

నాకు తట్టిన జవాబు మా పాత ఇల్లే. మట్టిగోడలు, పైన కర్ర దూలాలు, మూలన వడ్ల బస్తాలు, దండెం నిండా బట్టలు, తెరిచిన తలుపులు. శబ్దం పోయి తగిలిన చోటల్లా కొంత ఇంకిపోయేది. 1992లో ఇంటి అప్పు తీసుకొని కొత్తిల్లు కట్టాను. సిమెంటు స్లాబు, నున్నటి గోడలు, కింద షాబాదు బండలు. గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకొన్నారు. ఆ రోజు నుంచే ముందు గదిలో నలుగురు మాట్లాడితే గోల. ఏ పెట్టె పెట్టినా మాట అలుక్కుపోయేది. ఇల్లు కారణమని మాకు తోచలేదు, రేడియో పాతదైపోయిందని పక్కన పెట్టేశాం.

ఈ చిక్కు మనకంటే ముందు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారికి వచ్చింది. 1895లో వారు కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో పంతులు పలికిన మాట అయిదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. మరుసటి మాట దాని మీద పడేది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. బాగు చేయమని వాలెస్ సబైన్ అనే 27 ఏండ్ల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు దగ్గరి నాటకశాలలోని మెత్తలు మోయించుకొని వచ్చి ఈ గదిలో పరిచి, ఒక ఆర్గను గొట్టం ఊది, మోత ఆగేదాకా గడియారంతో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ వాపసు. అట్లా ఏండ్ల తరబడి కొలిచి ఒక లెక్క కట్టాడు. గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువ. మెత్తటి వస్తువు, తెరిచిన కిటికీ ఎంత ఎక్కువైతే మోత అంత తక్కువ. తెరిచిన కిటికీయే ఆయన పెట్టుకొన్న కొలత, ఎందుకంటే కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా, నేనూ కాగితం తీశాను. మా ముందు గది 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. 1,680 ఘనపుటడుగులు. వస్తువులు లేకుండా, తలుపులు మూస్తే మోత మూడు సెకన్లకు పైనే తేలింది. తలుపు, రెండు కిటికీలు తెరిస్తే ఒక సెకను చిల్లర. ఎండాకాలం సాయంత్రాల్లో టీవీ మాట బాగా అర్థమై, చలికాలం రాత్రిళ్ళు అర్థం కాకపోవడం నా చెవుల చపలత్వం కాదని అప్పుడు తెలిసింది.

ఇక స్పీకర్ల సంగతి. 2019లో మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక ఆంప్లిఫయరు, రెండు చిన్న పెట్టె స్పీకర్లు తెచ్చాడు. అడుగు ఎత్తు కూడా మించవు. వీటిని బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంటారట. ఆ పేరు పెట్టినవారు మనకు మేలు చేయలేదు. పేరు విని మేమూ బీరువా మీద ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి గోడకు ఆనించి పెట్టాం. బీరువా తలుపులు గలగల, పాటంతా దుమ్ దుమ్, మాట మాత్రం ముద్ద.

అబ్బాయి మరొక పని కూడా చేశాడు. 1984లో టూ-ఇన్-వన్‌లో నేను రికార్డు చేసిన మా అమ్మ బతుకమ్మ పాటల క్యాసెట్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చాడు. అమ్మ 1991లో పోయింది. ఆమె గొంతని గుర్తుపట్టాను, పదం ఒక్కటీ తెలియలేదు. క్యాసెట్టు చెడిపోయిందన్నారు. చెవులు పోయాయని నేననుకొన్నాను. డాక్టరు పరీక్షలో సన్నటి శబ్దాలు నాకు తగ్గాయని తేలింది కూడా. స, శ, త, ప వంటి అక్షరాలు జారిపోయేది అందుకేనట. పెన్‌డ్రైవును డ్రాయరులో వేసి ఊరుకొన్నాను.

రెండేండ్ల తర్వాత, సెలవులకు వచ్చిన మా మనుమడు ఒక సంగతి చెప్పాడు. 1970లలో లండన్ బీబీసీ వారు తమ ప్రసార వ్యానుల్లో పట్టేంత చిన్న స్పీకరు తయారుచేశారు. పేరు ఎల్.ఎస్.3/5ఎ, ఎత్తు 12 అంగుళాలు. ప్రసారమయ్యే మాట సరిగా ఉందో లేదో చూసుకోవడానికి చేసిన పెట్టె అది. ఇంత చిన్న పెట్టె మాటను బాగానే పలుకుతుంది, దాన్ని చెవి ఎత్తులో, గోడకు దూరంగా నిలబెట్టాలి అన్నాడు. గోడకు ఆనిస్తే బొంగురు శబ్దం పెరుగుతుంది, మూలన పెడితే మరీ పెరుగుతుంది, ఆ బొంగురు కింద సన్నటి అక్షరాలు మునిగిపోతాయి. పైగా సన్నటి శబ్దం బీముగా ఎదురుకే పోతుంది. బీరువా మీద పెడితే అది మన తల మీదుగా పోయి గోడకు తగులుతుంది. నాకు ముందే తక్కువ వినపడే అక్షరాలను నేనే అటక మీద పెట్టుకొన్నానన్నమాట!

రోడ్డు మీది వెల్డింగు షాపులో చదరపు పైపుతో 26 అంగుళాల స్టాండ్లు రెండు చేయించాం. ఖాళీ పైపు మోగుతుందని జల్లించి ఎండబెట్టిన మూసీ ఇసుక నింపాం. అడుగున షాబాదు బండ ముక్క. పడక కుర్చీలో కూర్చుంటే నా చెవి నేలకు మూడడుగులు, పెట్టెలోని చిన్న స్పీకరూ దాదాపు అంతే. వెనక గోడకు రెండడుగులు వదిలి, పెట్టెల నడుమ ఆరడుగులు ఉంచి, రెంటికీ సమదూరంలో కుర్చీ వేసి, పెట్టెల ముఖాలు కొంచెం నా వైపు తిప్పాం.

ఇంత చేసి తీగలు నేను కలిపాను. మాట గాలిలో తేలినట్టు, ఎక్కడినుంచి వస్తుందో తెలియనట్టు ఉంది, కింది శబ్దం అసలే లేదు. "తాతా, ఒకదానికి ఎర్ర తీగ నల్లదాంట్ల పెట్టినవ్" అన్నాడు మనుమడు. అట్లా పెడితే ఒక గరాటు ముందుకు తోసినప్పుడు మరొకటి వెనక్కి లాగుతుంది, ఒకదాన్నొకటి చెరుపుకొంటాయి. సరిచేయగానే వార్తలు చదివే ఆమె గొంతు రెండు పెట్టెల నడుమ ఖాళీ జాగాలో వచ్చి నిలబడింది. మీరు కూడా ఈ పరీక్ష చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

మిగిలింది గది మోత. పక్క గోడ వెంబడి అద్దం జరుపుతూ పోతే, కుర్చీలోంచి చూసినప్పుడు అద్దంలో స్పీకరు కనపడే చోటే శబ్దం గోడకు కొట్టుకొని మన చెవికొచ్చే చోటు. రెండు పక్కలా అక్కడ కొయ్యలు కొట్టి కురుమవాళ్ళు నేసిన గొంగళ్ళు వేలాడదీశాం. నేల మీద జంపఖానా పరిచాం. హార్వర్డు మెత్తలకు మన గొంగడి ఏం తీసిపోదు.

అప్పుడు డ్రాయరులోంచి పెన్‌డ్రైవు తీశాను. క్యాసెట్టు చెడిపోలేదు. నావి తగ్గిన చెవులే అయినా అమ్మ పాటలో చాలా పదాలు అందాయి, అందని చోట మా ఇంటావిడ అందించింది. రెండో పాట నడుమ అమ్మ ఆగి, "ఇది తిరుగుతుందా, ఉత్తగనే పాడిపిస్తున్నవా?" అని నన్నడిగింది. తిరుగుతుందని నేను చెప్పిన మాట కూడా అందులో ఉంది. ముప్పై మూడేండ్ల నా గొంతు.

ఇప్పుడు టీవీ తీగ కూడా వాటికే కలిపాం, సౌండు మునుపటికంటే సగం తగ్గింది. ముసురు పట్టినప్పుడు గొంగళ్ళు వాసన వస్తున్నాయని మాత్రం ఇంటావిడ కొత్త తగవు మొదలుపెట్టింది.