పటోమాక్ కాలువ గట్టున

అమెరికా దేశమున కంబర్లాండు పట్టణము మొదలుకొని రాజధానియగు వాషింగ్టను వరకు పటోమాక్ నది వెంట ఒక మట్టిబాట కలదు. దాని నిడివి 184½ మైళ్ళు. ఒకవైపు నది, వేరొకవైపు పాత కాలువ, నడుమ చెట్లనీడన బాట. దీనిపై ప్రజల మోటారు బండ్లు నడువరాదు. తొందర లేనివారు సైకిలుపై బయలుదేరినచో ఐదారు దినములలో సుఖముగా రాజధాని చేరవచ్చును. అయినను ఇది విహారమునకై వేసిన బాట కాదు. చెసపీక్-ఒహాయో కాలువలోని బొగ్గు పడవలకు మోకులు కట్టి, కంచరగాడిదలు వానిని లాగుచు నడచిన గట్టు ఇది.

ఈ దారిన పోవు సైకిలువానికి కాలువ కట్టడపు రహస్యము కాళ్ళకే తెలియును. మైళ్ళ తరబడి బాట బల్లపరుపుగా సాగి, ఉన్నట్టుండి కొంత పల్లమునకు దిగును. దిగినచోట తప్పక ఒక లాకు కనబడును. మన గోదావరి కాలువల లాకులను చూచినవారికి వాని పని క్రొత్తగాదు. కంబర్లాండునకును వాషింగ్టనునకును గల 605 అడుగుల ఎత్తు భేదమును 74 లాకులతో సరిపెట్టిరి. లాకు ప్రక్కన చిన్న యింటిలో కాపరి కుటుంబముతో నివసించెడివాడు. పగలైనను రేయియైనను పడవవాని కొమ్ము వినబడగానే అతడు లేచి తలుపులు తెరువవలెను. ఆ లాకుల రాళ్ళమీద మోకుల ఒరపిడికి పడిన గాట్లు నేటికిని చూడవచ్చును.

పడమటి ప్రాంతములతో జలమార్గమున వర్తకము చేయవలెనను తలంపు పాతది. 1785లో ఏర్పడిన పటోమాక్ కంపెనీకి జార్జి వాషింగ్టనే తొలి అధ్యక్షుడు. పిమ్మట 1828 జూలై 4వ తేదీన దేశాధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్సు ఈ క్రొత్త కాలువకు తొలి మన్ను త్రవ్వెను. పార వేరునకు తగిలి దిగకపోగా, ఆయన కోటు విప్పి మరల త్రవ్వెను. జనులు హర్షధ్వానములు చేసిరి. సరిగా ఆ దినముననే బాల్టిమోరులో రైలుమార్గమునకు శంకుస్థాపన జరిగెను. రెండింటి గమ్యమును ఒహాయో నదియే.

పందెములో కాలువ ఓడెను. కొండరాయి అడ్డుపడెను, ధనము చాలకపోయెను, 1832లో కలరా కూలీలను బలిగొనెను. వారిలో పెక్కురు ఐర్లండునుండి వచ్చినవారు. 3,118 అడుగుల పాపా సొరంగమును 1836లో మొదలిడగా, పదునాలుగేండ్లకు గాని దాని గుండ నావ నడువలేదు. నేటి యాత్రికుడు ఆ చీకటిలో సైకిలు దిగి నడిపించుకొనుచు పోవలెను. రైలు 1842లోనే కంబర్లాండు చేరెను. కాలువ 1850లో చేరి, అచ్చటనే ఆగిపోయెను. 1889 నాటి వరద దానిని ఛిన్నాభిన్నము చేయగా, అది రైలు కంపెనీ చేతిలోనికే పోయెను. 1924 వరదతో పడవలు నిలిచిపోయెను. 1938లో ప్రభుత్వము దానిని కొనెను.

తరువాత ఆ గట్టు వెంట మోటారు రహదారి వేయవలెనను ప్రతిపాదన బయలుదేరెను. 1954 జనవరిలో ఒక ప్రసిద్ధ దినపత్రిక దానిని సమర్థించెను. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లసు ఆ పత్రికకు జాబు వ్రాసి, నాతో కూడ నడచి చూడుడని సంపాదకుని ఆహ్వానించెను. మార్చిలో ముప్పదిమందికి పైగా కంబర్లాండునుండి బయలుదేరిరి. ఎనిమిదవ దినమున చివరివరకు నడచి రాజధాని చేరినవారు 9 మంది. వారిలో డగ్లసు ఒకడు. రహదారి ప్రయత్నము క్రమముగా సన్నగిల్లెను. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రకోద్యానమయ్యెను.

ఆ కాలువ కంబర్లాండు చేరిన నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట పని సాగుచుండెను. 1852లో అది పూర్తియయ్యెను. మన డెల్టా కాలువ గట్లమీదను మనుష్యులు భుజమున త్రాడు వేసికొని ధాన్యపు పడవలను లాగిరి. వారి అడుగులు పడిన గట్లు మన ఊళ్ళ ప్రక్కనే యున్నవి. ఒక ఉదయమున సైకిలుపై వానివెంట పోయి, ఒక పాత లాకు కడ దిగి, ఆ రాళ్ళను తడవి చూచుటకు అమెరికా పోనక్కరలేదు.